కొండల మంచు ఫొటోలు పాలిపోయి వస్తున్నాయా? సెట్టింగులు తర్వాత, ముందు గ్లాసు చూడండి

కార్తీకం వెళ్లిందంటే చాలు, తలకోన నుంచో తిరుమల నుంచో హార్స్‌లీ హిల్స్ నుంచో నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మంచు బ్రహ్మాండంగా ఉండింది, ఫొటోలో మాత్రం ఏమీ రాలేదు." లెన్సు గ్లాసు చూశావా అని అడుగుతాను. చూసి ఉండరు. ఐఎస్ఓ మార్చి ఉంటారు, మోడ్ మార్చి ఉంటారు, కొందరైతే కెమెరా రీసెట్ కూడా చేసేసి ఉంటారు. అందుకే ఇదంతా ఒకచోట రాసిపెడుతున్నాను. కెమెరా పట్టుకోవడం తెలిసినవాళ్ల కోసమే ఇది.

కంటికి తెల్లగా ఉన్న మంచు ఫొటోలో బూడిద రంగులో వస్తోంది

ఏది చూపించినా మధ్యరకం బూడిద రంగే అనుకుని లెక్క కట్టడం కెమెరా మీటరుకు అలవాటు. ఫ్రేములో ముప్పాతిక వంతు మంచే ఉంటే, వెలుగు ఎక్కువైందని తనంతట తానే తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కంపెన్సేషన్‌ను (ఫొటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే సెట్టింగు) +0.7 నుంచి +1.3 దాకా పెంచండి. హిస్టోగ్రామ్ (స్క్రీను మీది వెలుగునీడల గ్రాఫు) కుడి గోడకు తగలకపోతే చాలు. ఫోనైతే మంచు మీద వేలు నొక్కి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి.

ఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది, క్లిక్ పడటం లేదు

ఆటోఫోకస్‌కు అంచు కావాలి. మంచులో అంచు ఎక్కడుంటుంది? ఒక్క పాయింటు పెట్టుకుని నల్లటి చెట్టు మానో, బండ అంచో పట్టండి. తిరుమల కొండల ఎర్ర రాతి గోడలు ఈ పనికి భలే పనికొస్తాయి. అదీ దొరక్కపోతే మాన్యువల్‌కు మార్చి, స్క్రీను మీద పెద్దది చేసి చూసుకుంటూ తిప్పండి. ఫ్లాష్ ఆపారో లేదో కూడా చూసుకోండి. వెలిగిందంటే ముందున్న మంచు బిందువులే తెల్లటి చుక్కలై నిండిపోతాయి.

అక్టోబరులో వెళ్తే ఆకులన్నీ పచ్చగానే ఉన్నాయి

ఇది కెమెరా తప్పు కాదు, క్యాలెండరు తప్పు. చలిదేశాల ఫొటోలు చూసి అక్టోబరులో శేషాచలం ఎక్కితే ఎర్రాకులు కనపడవు. మనకు అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, కొండంతా పచ్చగా ఉంటుంది. శరత్తులో ఆకులు రాలడం వాళ్ల లెక్క, మనకు ఆకు రాలేది శిశిరంలో. అక్కడ చలికి, పొద్దు తగ్గినందుకు ఆకు రాలితే, ఇక్కడ నేలలో తడి ఆరినందుకు రాలుతుంది. కాబట్టి మంచూ రంగూ రెండూ ఒకే ఫ్రేములో కావాలంటే సంక్రాంతికి అటూ ఇటూ వెళ్లండి. అప్పుడు కూడా పసుపు, గోధుమ రంగులే ఎక్కువ. ఎరుపు కావాలంటే కొన్నాళ్లు ఆగితే మోదుగ పూస్తుంది, రావి చిగురిస్తుంది. అంతదాకా ఆగలేనివాళ్లు తిరుపతిలో తమ వీధిలోని బాదం చెట్టు కిందకు వెళ్లండి. రాలే ముందు అంత ఎర్రబడే ఆకు కొండ మీద కూడా దొరకదు, టికెట్టు ఖర్చు కూడా ఉండదు.

ఉన్న రంగు కూడా వెలిసినట్టు వస్తుంటే, తడి ఆకు మీది మెరుపే దానికి కారణం. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) తిప్పితే పోతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగులను సర్దే సెట్టింగు) ఆటోలో వదిలేయకండి, డేలైట్‌లో పెట్టండి. ఆటో అనేది పొద్దున పూట పసుపును "సరిచేసి" చంపేస్తుంది.

ఫొటో మొత్తం పాలు పోసినట్టు ఉంది, ఏం మార్చినా పోవడం లేదు

అసలు సంగతి ఇది. నన్ను దెబ్బకొట్టింది కూడా ఇదే.

ఒక జనవరిలో తిరుపతిలో ఏసీ గదిలో పడుకుని, తెల్లారుజామున ఏసీ కారులోనే కొండెక్కాను. ఆరుంబావుకు దిగి కెమెరా తీశాను. గ్లాసు మసకగా ఉంటే తుడిచాను. పైన శుభ్రంగా ఉంది. 6:40 ప్రాంతంలో పొద్దు పొడిచింది. రెండు వందల పైచిలుకు ఫొటోలు తీశాను. చిన్న స్క్రీను మీద అన్నీ కవిత్వంలా కనపడ్డాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్కదానిలో నలుపు అన్నది లేదు. లెన్సు పోయిందని రిపేరుకిచ్చాను, విప్పి చూసి డబ్బులు తీసుకున్నారు, ఏమీ లేదన్నారు. నిజంగానే ఏమీ లేదు. మళ్లీ ఏడాది అదే చోట, అదే గంటకు, అదే పాలు. ఈసారి ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూశాను. లెన్సు ముందు బిగించిన ఫిల్టర్ లోపలి వైపు, చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబుకు పట్టినట్టు సన్నటి చెమట. నేను తుడిచింది పైవైపు. తడి ఉన్నది యూవీ ఫిల్టర్‌కూ లెన్సుకూ మధ్య.

ఏసీలో బయటి గాలి కంటే బాగా చల్లబడ్డ గ్లాసుకు కొండ మీది తేమగాలి తగిలితే నీరు పడుతుంది. పైవైపుది గాలికి ఆరిపోతుంది. ఫిల్టర్ వెనక చిక్కుకున్న గాలికి దారి ఉండదు కాబట్టి అది అంత తొందరగా ఆరదు. మంచు పలచబడే వేళకు అదీ పలచబడుతుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. అంత మాయదారిది.

మంచు కొండ మీదుందో గ్లాసు మీదుందో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష. మీ నల్ల బ్యాగును మూడు గజాల దూరంలో పెట్టి ఒక ఫొటో తీయండి. మంచు దూరాన్ని బట్టి చిక్కబడుతుంది: దగ్గరి బండ నల్లగా, దూరపు కొండ తెల్లగా రావాలి. మూడు గజాల్లో ఉన్న బ్యాగు కూడా బూడిద పూసుకున్నట్టు వచ్చిందంటే తడి గ్లాసు మీదే ఉంది.

అప్పుడు ఫిల్టర్ విప్పేయండి. పోలరైజర్ వాడుతుంటే దాని కింద యూవీ అసలే వద్దు, మధ్యలో గాలి చిక్కుకునే ఇంకో ఖాళీ ఎందుకు? కండువాతో, చొక్కా అంచుతో రుద్దకండి. గ్లాసు ఇంకా చల్లగానే ఉంది, రుద్దిన మరుక్షణం మళ్లీ పడుతుంది, పైగా జిడ్డు అంటుకుంటుంది. మూత లేకుండా గాలికి వదిలి ఒక టీ తాగి రండి. పూర్తిగా ఆరడానికి అరగంట పట్టొచ్చు. ఆ అరగంటలో లెన్సు మార్చారంటే తడిగాలిని నేరుగా సెన్సర్ (కెమెరా లోపల ఫొటో పడే చిప్) దగ్గరికి పిలిచినట్టే.

అసలు రాకుండా చూసుకోవడం ఇంకా తేలిక. రాత్రి బ్యాగును ఏసీ గదిలో కాకుండా బాల్కనీలోనో వరండాలోనో పెట్టండి. కారులో ముందు సీటులో కాదు, డిక్కీలో. అలిపిరి దాటగానే ఏసీ ఆపి అద్దాలు దించండి. ఏదీ కుదరకపోతే కెమెరాను జిప్ కవరులో వేసి గట్టిగా మూసి పైకి తీసుకెళ్లండి. చెమట కవరుకు పడుతుంది, లోపలి కెమెరా మెల్లగా బయటి వేడికి వస్తుంది. చలికాలం హార్స్‌లీ హిల్స్ నుంచి దిగేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. కింద మదనపల్లెలో ఆగి ఫొటోలు చూద్దామని బ్యాగు తెరిస్తే మళ్లీ అదే కథ.

శ్రీవారి మెట్టు నడిచి ఎక్కేవాళ్లకు ఏసీ గొడవ లేదు. కానీ మెడలో వేలాడే కెమెరాలో కన్ను పెట్టి చూసే ఐపీస్‌కు ఒంటి చెమట ఆవిరి పడుతుంది. అది ఫొటోలో రాదు, మీ కంటికే మసక. ఫోకస్ పోయిందని కంగారు పడకండి.

ఇవేవీ కాకపోతే

లెన్సు లోపల సాలెగూడులాంటి తీగలు కనపడితే బూజు, షాపుకు పట్టుకెళ్లండి. తొమ్మిది దాటాక దూరపు కొండలు వణుకుతున్నట్టు వస్తే వేడిగాలి, దానికి మందు లేదు, టిఫినుకు వెళ్లండి. సెన్సరే పోయిందేమోనని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇన్నేళ్లలో మంచు ఫొటోల గొడవతో వచ్చిన కెమెరాల్లో అది ఒక్కటి కూడా నాకు తగల్లేదు.