మిడ్‌జర్నీకి డబ్బు కట్టినా ప్లాన్ కనిపించట్లేదా? ఇలా చూసుకోండి

మాటల్లో చెబితే బొమ్మలు చేసిపెట్టే ఏఐ సైట్ మిడ్‌జర్నీకి కార్డులోంచి డబ్బు పోయింది, సైట్ తెరిస్తే మాత్రం మళ్లీ ప్లాన్ తీసుకోమంటోంది. ఇలాంటప్పుడు టెన్షన్‌లో వెంటనే ఇంకోసారి కట్టేస్తుంటారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ముందు ఏ అకౌంట్‌తో లోపలికి వెళ్లారో చూడండి. మిడ్‌జర్నీ మొదట్లో డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్ మీదే నడిచింది, గూగుల్ లాగిన్ తర్వాత వచ్చింది. కాబట్టి డిస్కార్డ్ అకౌంట్ మీద ప్లాన్ కొని, ఓ నెల పోయాక గూగుల్ బటన్ నొక్కి లాగిన్ అయితే అక్కడ వేరే ఖాళీ అకౌంట్ తయారవుతుంది, మీ ప్లానూ పాత బొమ్మలూ మొదటిదాంట్లోనే ఉంటాయి. లాగౌట్ చేసి రెండో దారిలో వెళ్లి చూడండి. ఫోన్‌లో ఒక డిస్కార్డ్ ఐడీ, లాప్‌టాప్‌లో ఇంకొకటి వాడేవాళ్లకూ ఇదే జరుగుతుంది. అప్పటికీ దొరక్కపోతే మీ మెయిళ్లన్నింటిలో రసీదు కోసం వెతకండి, అది ఏ మెయిల్‌కి వచ్చిందో ప్లాన్ దాదాపుగా ఆ అకౌంట్‌దే.

రసీదులో డిస్కార్డ్ నైట్రో అని ఉందా? అయితే మీరు కొన్నది వేరే సరుకు, అది డిస్కార్డ్ యాప్ సొంత పెయిడ్ ప్లాన్. నైట్రోకీ మిడ్‌జర్నీ ప్లాన్‌కీ సంబంధం లేదు.

ఇక పేమెంటే పడకపోతే. మన దేశంలో 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆపేసే ఇస్తున్నారు, రిజర్వ్ బ్యాంక్ నియమం అది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి ఇంటర్నేషనల్, ఆన్‌లైన్ రెండూ ఆన్ చేయండి, లిమిట్ కూడా చూసుకోండి. మొదటి నెల బాగానే కట్ అయి రెండో నెల ఆగిపోతే కారణం వేరే ఉండొచ్చు: 2021 అక్టోబర్ నుంచి ప్రతి నెలా తనంతట తాను కట్ అయ్యే చెల్లింపులకు ముందే ఓటీపీతో ఈ-మ్యాండేట్, అంటే నెలనెలా కట్ చేసుకోవడానికి మీరిచ్చే అనుమతి, నమోదవ్వాలి, అది లేకపోతే బ్యాంకు ఒప్పుకోదు. అప్పుడు సైట్‌లో మేనేజ్ సబ్‌స్క్రిప్షన్‌కి వెళ్లి వేరే కార్డు, వీలైతే వీసా లేదా మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డు పెట్టి చూడండి. 10 డాలర్ల బేసిక్ ప్లాన్‌కి లెక్కకంటే ఎక్కువ రూపాయలు పోతే కంగారు పడకండి, బ్యాంకు తీసుకునే విదేశీ మారకపు ఛార్జీ, దాని మీద జీఎస్టీ కలుస్తాయి.

ప్లాన్ ఉంది, బొమ్మలే రావట్లేదంటే ఫాస్ట్ టైమ్, అంటే బొమ్మలు త్వరగా చేయడానికి ప్లాన్‌లో ఇచ్చే సమయం, అయిపోయిందేమో. బేసిక్‌లో నెలకి సుమారు 200 నిమిషాలే, మిగిలినవి వచ్చే నెలకి రావు. ఫాస్ట్ టైమ్ ఖర్చు కాకుండా నెమ్మదిగా బొమ్మలు చేసే రిలాక్స్ మోడ్ కావాలంటే దానికంటే పెద్దదైన స్టాండర్డ్ ప్లాన్ తీసుకోవాలి.

ప్లాన్ వద్దనుకుంటే ఆ మేనేజ్ సబ్‌స్క్రిప్షన్ పేజీలోనే క్యాన్సిల్ చేయండి. డిస్కార్డ్ యాప్ తీసేస్తేనో సర్వర్ నుంచి బయటికొస్తేనో ప్లాన్ ఆగదు, డబ్బు పోతూనే ఉంటుంది. క్యాన్సిల్ చేసినా కట్టిన గడువు దాకా వాడుకోవచ్చు. రీఫండ్ మాత్రం, ఇప్పటిదాకా మీ మొత్తం వాడకం 20 జీపీయూ నిమిషాలు (మీ బొమ్మల కోసం వాళ్ల కంప్యూటర్లు పనిచేసిన సమయం) దాటకపోతేనే, కాబట్టి డబ్బు వెనక్కి కావాలనుకుంటే ఇంకో బొమ్మ కూడా చేయకుండా ముందు ఆ పని చూడండి.

ఈ గొడవలో ఉండగా డిస్కార్డ్‌లో ఎవరైనా సపోర్ట్ అంటూ మెసేజ్ పెట్టి ఓటీపీ అడిగితే ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చేసి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకు యాప్‌లో కార్డు బ్లాక్ చేయండి.