క్రికెట్ కార్డు మీద సంతకం చెదరకుండా తీసుకోవడం ఎలా?

పోయిన సీజన్లో ఒకరోజు రాత్రి పదకొండింటికి మా పక్క ఫ్లాట్ కుర్రాడు ఉప్పల్ స్టేడియం నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి తలుపు కొట్టాడు. చేతిలో ఆటగాడి బొమ్మ అచ్చేసిన క్రికెట్ కార్డు. దాని మీద సంతకం ఉంది, కానీ అది ఎవరిదో చెప్పలేం. సిరా చిన్న చిన్న బొట్లుగా విడిపోయింది. జేబులో పెట్టుకున్నప్పుడు ఒక పక్కకు ఈడ్చుకుపోయి ఆటగాడి ముఖం మీద నీలం మరకలా మిగిలింది. నాలుగు గంటలు నిలబడి సంపాదించుకున్న సంతకం అది. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇరవై ఏళ్లుగా ఇదే తప్పు మళ్లీ మళ్లీ చూస్తున్నాను కాబట్టి ఈసారి వివరంగా రాస్తున్నాను.

కావలసినవి

ఒకే కార్డు రెండు కాపీలు. సన్న మొన ఉన్న నీలం పర్మనెంట్ మార్కర్లు రెండు (స్టేషనరీ షాపులో సీడీ మార్కర్ అంటే ఇస్తారు). ముదురు రంగు కార్డుల కోసం వెండి రంగు పెయింట్ మార్కర్ ఒకటి. మెత్తని తెల్ల రబ్బరు, టాల్కం పౌడరు, దూది, పరీక్ష అట్ట, కార్డు దూర్చే పలచని ప్లాస్టిక్ తొడుగులు (స్లీవ్‌లు), వాటిపైన తొడిగే గట్టి ప్లాస్టిక్ కవర్లు (టాప్‌లోడర్లు). టాప్స్ కంపెనీ ఐపీఎల్ కోసం వేసిన క్రికెట్ అటాక్స్ కార్డులైనా, అమెరికా బేస్‌బాల్ కార్డులైనా కొలత దాదాపు ఒకటే, రెండున్నర అంగుళాలు బై మూడున్నర అంగుళాలు. కాబట్టి స్లీవ్‌ల కోసం పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

పెన్ను విషయంలో మాత్రం రాజీ వద్దు. బాల్‌పెన్ను నున్నటి కార్డు మీద సరిగా పడదు, నొక్కితే గాడి మిగులుతుంది. జెల్ పెన్ను ఆరదు. స్కెచ్ పెన్ను చెమట తగిలితే కరిగిపోతుంది. వైట్‌బోర్డు మార్కర్ తీసుకెళ్లేవాళ్లనూ చూశాను. తుడిస్తే పోవడానికే దాన్ని తయారుచేశారు కదా! ముదురు కార్డులను వదిలేస్తే రంగు నీలమే ఉండాలి. నల్ల సంతకాన్ని చూసి కార్డుతో పాటే అచ్చేశారేమో అనుకుంటారు. నీలాన్ని చూస్తే చేత్తో పెట్టిందని దూరం నుంచే తెలుస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి

ఐపీఎల్ సమయంలో హోటల్ గేటు దగ్గర తోసుకోకండి. రంజీ మ్యాచ్‌కు వెళ్లండి. హైదరాబాద్‌లోనైనా విశాఖలోనైనా రంజీ రోజుల్లో స్టాండ్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. భారత జట్టుకు ఆడినవాళ్లు కూడా ఆ మ్యాచ్‌లు ఆడతారు, మాజీలు కోచ్‌లుగా, సెలెక్టర్లుగా, మ్యాచ్ రెఫరీలుగా అక్కడే తిరుగుతుంటారు. ఆ రోజు ఆట ముగిశాకే అడగాలి. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్న బ్యాటర్ దగ్గరికి ఎన్నడూ వెళ్లకూడదు.

పోస్టులో పంపేటట్టయితే కార్డును రెండు అట్టముక్కల మధ్య పెట్టి, మీ చిరునామా రాసి స్టాంపులు అంటించిన తిరుగు కవరు కూడా జతచేయండి. బ్రాడ్‌మన్ రిటైరైన దశాబ్దాల తర్వాత కూడా అభిమానుల ఉత్తరాలకు ఓపిగ్గా జవాబులు రాసేవారు. అందుకే అంతటివాడి సంతకం కూడా నేటికీ దొరుకుతోంది. అందరూ ఆయనలా ఉండరు, కానీ రిటైరైనవాళ్లలో చాలామంది జవాబిస్తారు.

అసలు పని: కార్డును సిద్ధం చేయడం

చెడిపోయేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ఇప్పటి కార్డుల మీద నిగనిగలాడే పూత ఉంటుంది. చెమట, తేమ అంటకుండా, రంగులు మెరిసేలా వేసిన పూత అది. చెమటను ఎలా ఆపుతుందో సిరానూ అలాగే ఆపుతుంది. తామరాకు మీద నీటిబొట్టులాగే మార్కర్ సిరా దానిమీద ముడుచుకుని బొట్లుగా నిలబడిపోతుంది. వేలి జిడ్డు అంటిన చోట ఇంకా ఎక్కువ. మా పక్కింటి కుర్రాడి కార్డుకు జరిగింది ఇదే. పెన్ను మంచిదే, ఆటగాడూ తొందరపడలేదు, కార్డే సిద్ధంగా లేదు.

కాబట్టి ముందు రోజు రాత్రే కూర్చోండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సంతకం ఎక్కడ పడాలో ముందే నిర్ణయించుకోండి. తెల్ల జెర్సీ, ఆకాశం, లేత పచ్చ మైదానం, ఇలా లేత రంగు ఖాళీగా ఉన్న జాగా కావాలి (వెండి మార్కర్ వాడే కార్డుకైతే ముదురు రంగు ఖాళీ జాగా). ముఖం మీద పడకూడదు. అలాంటి జాగా లేని కార్డును అసలు తీసుకెళ్లొద్దు, అదే ఆటగాడిది వేరే కార్డు చూసుకోండి.

ఆ జాగా వరకే తెల్ల రబ్బరుతో రుద్దాలి. పెన్సిల్ గీత చెరపడానికి పెట్టే బలంలో సగం చాలు. గుండ్రంగా తిప్పకుండా ఒకే దిక్కుగా ఐదారు సార్లు రుద్దండి. కార్డును దీపం కింద వాల్చి చూస్తే ఆ చోట మెరుపు ఒక్క పిసరు తగ్గినట్టు కనిపిస్తుంది. అంతే, ఆపండి. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ రుద్దితే పూత పోయి రంగు లేచి వస్తుంది, దాన్ని మళ్లీ బాగుచేయలేం. తర్వాత దూదికి చిటికెడు పౌడరు అద్ది అదే చోట మెల్లగా తట్టి, వేరే పొడి దూదితో ఒక్క రేణువూ లేకుండా తుడిచేయండి. ఈ తుడవడం చాలామంది వదిలేస్తారు. మిగిలిన పౌడరు మార్కర్ మొనలో ఇరుక్కుంటుంది, సంతకం మధ్యలోనే పెన్ను ఆగిపోతుంది.

వెండిరేకులా తళతళలాడే ఫాయిల్ కార్డుకు రబ్బరు పెట్టకూడదు, గీతలు పడతాయి. దానికి పౌడరొక్కటే. స్పిరిట్‌తోనో శానిటైజర్‌తోనో తుడిస్తే జిడ్డు పోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు. జిడ్డుతో పాటు అచ్చు రంగూ కదిలే ప్రమాదం ఉంది. వినకండి.

రెండో కాపీ ఇందుకే. ముందు దాన్ని ఇలాగే సిద్ధం చేసి, మర్నాడు తీసుకెళ్లబోయే మార్కర్‌తోనే మీ సంతకం పెట్టండి. పది నిమిషాలు ఆగి వేలితో రుద్దండి. కదలలేదంటే అసలు కార్డు పట్టుకోండి. కదిలిందంటే పౌడరు దశ మళ్లీ చేసి చూడండి. ఈ పరీక్ష చేయకుండా నేను ఇంటి గడప దాటను.

సంతకం పెట్టించే నిమిషం

పరీక్ష అట్ట మీద, ఫొటో ఆల్బమ్‌లలో వాడే మూల కాగితాలు నాలుగు అంటించి కార్డును వాటిలో దోపండి. అప్పుడు నిలబడి పెట్టినా కార్డు జారదు. పెయింట్ మార్కర్ అయితే ముందే బాగా ఊపి, చిత్తు కాగితం మీద మొన నొక్కి రంగు దిగేలా చేయాలి. ఆటగాడి ముందు నిలబడి ఊపుతుంటే ఆయన వెళ్లిపోతాడు. మూత తీసి, ఒక గీత గీసి చూసి, అప్పుడు "సార్, ఇక్కడ ఒక్క సంతకం" అని జాగా చూపించండి. ఒక్క కార్డే ఇవ్వాలి. కట్ట తీసినవాణ్ని చూడగానే అమ్ముకునేవాడని అనుకుంటారు.

మీ పేరు కూడా రాయమని అడగండి. పేరుంటే ధర తగ్గుతుందని కొందరు వద్దంటారు. 1952 నాటి మికీ మాంటిల్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయిన దగ్గరనుంచి ఈ ధరల మాట మరీ ఎక్కువైంది. ఆ కార్డు మీద సంతకమే లేదు, ఏడు దశాబ్దాలు నలగకుండా ఉండటమే దాని విలువ. "ఫలానా వారికి" అని రాసిన సంతకం ఆయన మీ ఎదుట నిలబడి, మీకోసం పెట్టింది. మా ఇంట్లో ఉన్నవన్నీ అలాంటివే. పేరు రాయమంటే ఆటగాడు కూడా ఒకసారి తలెత్తి మన ముఖం చూస్తాడు.

ఆరడం, దాచడం

ఊదకండి, నోటి తుంపర పడుతుంది. జేబులో పెట్టకండి, వెంటనే స్లీవ్‌లోకి తోయకండి. అట్ట మీదే ఉంచి, కనీసం పదిహేను నిమిషాలు గాలి తగలనివ్వండి. పెయింట్ మార్కర్ సంతకానికి గంట ఇవ్వండి. తర్వాత స్లీవ్, దానిపైన టాప్‌లోడర్. స్లీవ్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది కావాలి. మెత్తగా ఉండి కొత్త రెయిన్‌కోటులా వాసనేసేది పీవీసీ, దాన్ని మెత్తబరిచే రసాయనాలు ఏళ్లు గడిచేకొద్దీ కార్డు మీదికి దిగి సిరాను లాగేస్తాయి.

జెరాక్స్ షాపుకు తీసుకెళ్లి ల్యామినేషన్ చేయించే అలవాటు మన దగ్గర చాలా ఉంది. ప్రేమతోనే చేయిస్తారు, కానీ అక్కడ కార్డుకు పడేది వేడి, దానితో పాటు జిగురు. ఒకసారి అంటుకున్నాక ఏ నిపుణుడూ చెక్కుచెదరకుండా విడదీయలేడు. ఆ దారిలో పోయిన పాత సంతకాలు ఎన్నో చూశాను. కొన్ని ఇక పుట్టవు, పెట్టినవాళ్లు లేరు. రబ్బరు బ్యాండ్లూ అంతే. అంచులు కోస్తాయి, మన ఎండలకు కరిగి అంటుకుంటాయి.

టాప్‌లోడర్లను నిలువుగా పెట్టెలో అమర్చి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, బయటి గోడకు ఆనని బీరువాలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఆ పొట్లాలను వర్షాకాలం ముందొకసారి, మధ్యలో ఒకసారి మార్చాలి. గోడకు తగిలించాలనిపిస్తే కార్డు ఫొటో తీసి ఆ ప్రింటును తగిలించండి, ఎండ పడే గదిలో అసలుది వెలిసిపోతుంది. తేదీ, ఊరు, ఏ మ్యాచో కార్డు వెనక రాయకండి. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి స్లీవ్‌కూ టాప్‌లోడర్‌కూ మధ్య దోపండి. ఆ రాత్రే రాయండి, వారం గడిస్తే ఏ మ్యాచో గుర్తుండదు.