లారీ పక్క ట్యాంకుల్ని ఎలా చూసుకోవాలి

లారీ చాసిస్‌కి పక్కన వేలాడే డీజిల్ ట్యాంకుల్నే సాడిల్ ట్యాంకులంటారు. గుర్రం జీనుకి రెండు పక్కలా సంచులు కట్టినట్టు ఉంటాయని ఆ పేరు, మనకైతే కావడి కుండలు గుర్తొస్తాయి. కొన్ని పాత ఆవిరి ఇంజన్లలో నీళ్ల ట్యాంకునే బాయిలర్ మీద జీనులా కూర్చోబెట్టేవాళ్లు, డార్జిలింగ్ బుల్లి రైలు ఇంజన్లు అలాంటివే, ఆ నీళ్ల బరువు చక్రాల మీద పడి పట్టాల మీద పట్టు బాగా దొరికేది. కానీ ఇక్కడ చెప్పబోయేది లారీ సంగతే. గుంటూరులో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తుకుని దూరం వెళ్లే బండి దారిలో ఆగిపోతే డ్రైవరుకి ఎంత టెన్షనో నాకు తెలుసు.

మా బండి ఒకసారి గుంటూరు-విజయవాడ దారిలో కాజ టోల్ గేటు దాటాక కారడం మొదలుపెట్టింది. దిగి చూస్తే ట్యాంకుని పట్టి ఉంచే బెల్టు కింద రబ్బరు ఎప్పుడో ఊడిపోయి, ఇనుప బెల్టు నేరుగా రేకుకి రాసుకుని రాసుకుని రంపంలా కోసేసింది. రెండు నెలల ముందు చూసుంటే కొత్త రబ్బరు ముక్కతో పోయేది. అందుకే ముందు బెల్టులు చూడండి. 300 లీటర్ల ట్యాంకు నిండితే డీజిల్ ఒక్కటే దాదాపు 250 కిలోలు, గుంత పడిన ప్రతిసారీ ఆ బరువంతా బెల్టుల మీదే. నట్లు వదులయ్యాయేమో స్పానర్ వేసి చూడండి, తర్వాత బెల్టు అంచు వెంట వేలు పెట్టి రాయండి. పొడి దుమ్ము అయితే పిండిలా రాలుతుంది, డీజిల్ చెమర్చిన చోట మాత్రం నల్లగా ముద్దకట్టి వేలికి జిడ్డుగా అంటుకుంటుంది. చుక్క కిందపడక ముందే లీకు తెలిసేది అక్కడే.

రెండోది నీళ్లు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలి తేమ రాత్రికి లోపలి గోడలకి చెమ్మపట్టి కిందికి దిగుతుంది, వానాకాలం ఇంకా ఎక్కువ. డీజిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. పొద్దున్నే బండి కదిలించక ముందు అడుగున ఉన్న డ్రైన్ బోల్టు కొంచెం వదులు చేసి, తెల్ల సీసాలో పట్టండి. రెండు నిమిషాలాగితే కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది. ఆ గీత దగ్గర నల్లటి జిగురు తేలితే లోపల సూక్ష్మజీవులు పెరిగాయని అర్థం, ట్యాంకు దింపి కడిగించాల్సిందే, ఊరికే ఫిల్టర్లు మారుస్తూ పోతే డబ్బులు దండగ. నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బోల్టు బిగించేయండి.

రెండు ట్యాంకులున్న బండ్లలో చాలావాటికి అడుగున కలిపే పైపు ఉంటుంది, ఇంజను ఒక ట్యాంకు నుంచి లాగుతుంటే రెండోదాని డీజిల్ దీంట్లోంచి వచ్చి మట్టం సమానమవుతుంది. ఒక పక్క నిండుగా ఉండి కూడా బండి ఆగిందంటే మొదట అనుమానించాల్సింది ఈ పైపునే. సమంగా ఉన్న నేల మీద నిలిపి, కాసేపాగి, రెండు మూతలూ తీసి శుభ్రమైన కర్రతో కొలవండి. తేడా ఉంటే పైపు పూడింది, లేదా వాల్వు మూసి ఉంది. ఈ పైపు అన్నిటికన్నా కిందకి వేలాడుతుంది, రాయి తగిలి తెగితే రెండు ట్యాంకులూ ఖాళీ అవుతాయి, కాబట్టి రెండు చివర్లా వాల్వులు ఉండాలి, పనిచేయాలి.

మూత పోయిందని పాలిథిన్ కవర్ కట్టేవాళ్లని చాలామందిని చూశాను, దయచేసి వద్దు. డీజిల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి రావాలి. మూతలో ఉన్న గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే బాధ: బండి గంట నడిచి గుంజుకుంటుంది, మూత తీయగానే స్స్ అని గాలి లోపలికి పోతుంది.

మన ఎండలకి మూతదాకా నింపకండి. వేడి 20 డిగ్రీలు పెరిగితే 300 లీటర్లు దాదాపు 5 లీటర్లు ఉబ్బుతుంది.

లీకు దారిలో కనబడితే బట్టల సబ్బు గట్టిగా రుద్ది ఊరు చేరుకోవచ్చు. కానీ విజయవాడ ఆటోనగర్‌లో అయినా ఎక్కడైనా సరే, డీజిల్ తీసేశాం కదా అని ట్యాంకుకి వెల్డింగ్ పెట్టనివ్వకండి. ఖాళీ ట్యాంకులో మిగిలే డీజిల్ ఆవిరే పేలేది, మనిషి ప్రాణం పోతుంది. దింపి, కడిగి, నీటి ఆవిరి పట్టించి, ఆ పని తెలిసిన మేస్త్రి చేతికే ఇవ్వండి, లేకపోతే ట్యాంకు మార్చేయండి.

బీఎస్ 6 (కొత్త కాలుష్య నిబంధనల) లారీల్లో ఆ పక్కనే నీలం మూతతో చిన్న ట్యాంకు ఉంటుంది, అది యాడ్‌బ్లూకి, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే యూరియా ద్రవానికి. పొరపాటున ఆ ద్రవం డీజిల్ ట్యాంకులో పోస్తే తాళం కూడా తిప్పకండి, బండిని తోసి పక్కన పెట్టి ట్యాంకు మొత్తం ఖాళీ చేయించండి.