ఓఎస్‌పీఎఫ్ పెట్టేముందు ఇవి చూసుకోండి

రాయగడలో ఒక ఆఫీసు, గుణుపూర్‌లో ఇంకోటి ఉండి స్టాటిక్ రూట్లు (మనం చేత్తో రాసిన దారులు) వదిలి ఓఎస్‌పీఎఫ్‌కి (రూటర్లే ఒకదానితో ఒకటి మాట్లాడుకుని దారులు నేర్చుకునే పద్ధతి) మారదాం అనుకునేవాళ్ళు ముందు రెండు రూటర్ల కాన్ఫిగ్, రూటింగ్ టేబుల్ కాపీ తీసి పెట్టుకోండి.

దూరం నుంచి లాగినయ్యి చేస్తుంటే సిస్కో రూటర్‌లో ముందు "రీలోడ్ ఇన్ 10" కొట్టండి, లింక్ తెగిపోయినా పది నిమిషాలకి రూటర్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది, కాకపోతే మధ్యలో సేవ్ కొట్టకూడదు, అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ చెయ్యడం మర్చిపోవద్దు. నేను ఇది చెయ్యక వానలో కన్సోల్ కేబుల్ పట్టుకుని గుణుపూర్ బస్సెక్కాను.

హలో (రూటర్లు పంపుకునే పలకరింపు) 10, డెడ్ (అది రాకపోతే అవతలి రూటర్ పోయిందనుకునే టైమ్) 40 సెకన్లు, ఏరియా (ఓఎస్‌పీఎఫ్ గుంపు నంబర్), సబ్‌నెట్ మాస్క్ రెండువైపులా ఒకటే ఉండాలి, రూటర్ ఐడీలు మాత్రం వేరువేరుగా ఉండాలి.

ఎంటీయూ (లింక్ మీద ఒకేసారి పంపగల ప్యాకెట్ సైజు, బైట్లలో) తప్పకుండా చూడండి. ఒకవైపు 1500, ఇంకోవైపు 1400 ఉంటే మామూలు పింగ్ వెళ్తుంది గానీ నైబర్ (అవతలి రూటర్‌తో జత) దారుల వివరాలు మార్చుకోకముందే, ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గరే ఆగిపోద్ది.

లాన్ వైపు (ఆఫీసు కంప్యూటర్లున్న వైపు) పాసివ్ పెట్టండి, అప్పుడు అటు హలోలు పోవు.

పాత స్టాటిక్ రూట్ డిస్టెన్స్ (ఇది తక్కువున్న దారినే రూటర్ వాడుతుంది) 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110, అందుకని ఆ స్టాటిక్ రూట్ అలాగే ఉంటే ట్రాఫిక్ దానిమీదే పోతుంది, మనం ఓఎస్‌పీఎఫ్ పనిచేస్తోందనుకుంటాం. స్టాటిక్ రూట్ డిస్టెన్స్‌ని 200కి మార్చి, పింగ్ నడుస్తుండగా మెయిన్ కేబుల్ పీకి ఎన్ని పింగ్‌లు పోయాయో లెక్కపెట్టండి.