గోడవార మట్టిలో సీసం ఉంటే ఏం చేయాలి

మా పాప ఎప్పుడూ పాత గోడవారనే కూర్చుని మట్టితో ఆడుకునేది. ఒకరోజు దాని గోళ్లు తీస్తుంటే మట్టితో పాటు తెల్లటి పెయింటు పెచ్చు ఒకటి బయటపడింది. పాత పెయింట్లలో సీసం ఉండొచ్చని మర్నాడే మట్టిని పరీక్షకు పంపాను. సీసం ఉందని తేలింది.

పరీక్షకు మట్టి తీసేటప్పుడు గోడవారది విడిగా, మిగతా స్థలంలోది విడిగా కట్టండి. పిల్లలు ఆడే చోట పైపై అంగుళం మట్టి చాలు. కూరగాయలు వేసే చోట ఆరంగుళాల లోతు దాకా తీయాలి. మామూలు నేలలో కిలోకు 10 నుంచి 50 మిల్లీగ్రాముల సీసం ఉంటుంది. ఇళ్ల దగ్గరి మట్టికి అమెరికా పర్యావరణ సంస్థ 2024లో 200 దగ్గర గీత గీసింది.

లోతుగా తవ్వి కలిపేద్దామని నాకూ అనిపించింది. వద్దు. సీసం మట్టిని అంటుకుంటే కిందికి దిగదు, ఏళ్లు గడిచినా పైపొరలోనే ఉంటుంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం, సీసానికి ధనావేశం, అందుకే అతుక్కుంటుంది. కుళ్లిన ఆకుల నల్లటి పదార్థం, ఎర్రమట్టిలోని ఇనుప ఆక్సైడ్లు ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. భాస్వరం తగిలితే పైరోమార్ఫైట్ అనే ఖనిజమవుతుంది, అది కరగడం చాలా కష్టం. ఇసుకకు ఈ పట్టు తక్కువ. మట్టి ఆమ్లంగా మారితే ఉన్న పట్టూ సడలుతుంది.

కాబట్టి మనం చేయాల్సింది ఆ పట్టు పెంచడమే. ముందు గోడను తడిపి పెచ్చులు గీకి, ఏరి పారేయండి. పొడిగా మాత్రం రుద్దకండి, ఆ దుమ్మే విషం. తర్వాత మట్టిని తడిపి, రెండు మూడు అంగుళాల మందాన కంపోస్టు వేసి పైమట్టిలో కలపండి. భాస్వరం కోసం ఎముకల పొడి వేయండి, అది ఆమ్ల నేలలోనే బాగా కరుగుతుంది. అందుకే అది ముందు, సున్నం కొన్ని వారాల తర్వాత. మట్టి ఎంత ఆమ్లమో చెప్పే పీహెచ్ 6.5కూ 7కూ మధ్య ఉంటే చాలు, ఇప్పటికే అంత ఉంటే సున్నం అక్కర్లేదు. మట్టిలో ఆర్సెనిక్ కూడా ఉంటే భాస్వరం జోలికి పోకండి, అది ఆర్సెనిక్‌ను వదులు చేస్తుంది.

పొద్దుతిరుగుడు వేస్తే సీసం లాగేస్తుందని చాలామంది చెబుతారు. మట్టి అంత గట్టిగా పట్టుకున్నదాన్ని వేళ్లు పెద్దగా లాగలేవు. ఈడీటీఏ అనే రసాయనం పోసి వదులు చేస్తే ఆ సీసం భూగర్భజలంలోకి దిగుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

చివరగా నేల కనబడకుండా గడ్డి పెంచండి, లేదా చెక్కపొట్టు పరవండి. అక్కడ ఆకుకూరలు, దుంపలు వేయకండి, వాటికి మట్టి అంటుకుని వస్తుంది. టమాటా, చిక్కుడు కాయల్లోకి సీసం చేరడం బాగా తక్కువ.

మళ్లీ పరీక్ష చేయిస్తే మొత్తం సీసం దాదాపు అంతే చూపిస్తుంది, కంగారుపడకండి. తగ్గేది కడుపులోని ఆమ్లానికి కరిగే భాగం. అది కూడా సున్నా కాదు కాబట్టి పిల్లల చేతులు కడిగించడం మానొద్దు. ఇప్పటికే ఒంట్లోకి ఎంత వెళ్లిందో మట్టి పరీక్ష చెప్పదు. పాపకు రక్తపరీక్ష చేయించాం, మీరూ చేయించండి.