అమెరికాలో కాంటాక్ట్ లెన్స్ ప్రిస్క్రిప్షన్: ఏ గడిలో ఏముంటుంది

ఇండియాలో కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి సైటు ఎంతో చెబితే లెన్స్ పెట్టె చేతిలో పెట్టేస్తారు. అమెరికాలో ఆ పప్పులుడకవు. రంగు కోసం పెట్టుకునే జీరో పవర్ లెన్స్‌కి కూడా ఇక్కడ ప్రిస్క్రిప్షన్ ఉండాల్సిందే. కళ్ళజోడుకి రాసిచ్చిన కాగితం లెన్స్‌కి చెల్లదు. అందుకే పరీక్షకి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "కాంటాక్ట్ లెన్స్ ఫిట్టింగ్ కూడా కావాలి" అని చెప్పండి. దానికి ఫీజు విడిగా వేస్తారు, ఎంతో ముందే అడగండి. మీ పాత లెన్స్ పెట్టె ఉంటే వెంట తీసుకెళ్ళండి. దాని పక్కన బ్రాండు, పవర్, కొలతలు అన్నీ అచ్చువేసి ఉంటాయి.

కాగితం మీద ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. పవర్ దగ్గరే చాలామంది గాభరా పడతారు: కళ్ళజోడులో మైనస్ 5.00 ఉంటే లెన్స్‌లో మైనస్ 4.75 రాశారేమిటని. తప్పేం కాదు. అద్దం కంటికి సుమారు 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్స్ కంటిమీదే కూర్చుంటుంది. ఆ దూరం పోయినందుకు మైనస్ తగ్గుతుంది, ప్లస్ అయితే పెరుగుతుంది. మైనస్ 10.00 అద్దం వాడేవారికి లెన్స్ దాదాపు మైనస్ 9.00 అవుతుంది. పవర్ 4 దాటకపోతే ఈ తేడా పట్టించుకోనంత చిన్నది.

కళ్ళజోడు కాగితంలో ఉన్న సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు రాసే పవర్) ఇక్కడ మాయమైనా కంగారు వద్దు. మైనస్ 0.50 లాంటి చిన్న సిలిండర్ అయితే అందులో సగం మామూలు పవర్‌కి కలిపేస్తారు: మైనస్ 3.00తో అది ఉంటే లెన్స్ మైనస్ 3.25. సిలిండర్ ఎక్కువైతే ఆ పవర్ కూడా ఉండే టోరిక్ లెన్స్ రాస్తారు, దానికి యాక్సిస్, అంటే ఆ పవర్ ఏ కోణంలో ఉండాలో చెప్పే అంకె కూడా ఉంటుంది. చాలా టోరిక్ లెన్స్‌లు 10 డిగ్రీల మెట్లలోనే దొరుకుతాయి. అద్దాల్లో 173 ఉంటే ఇక్కడ 170 కనిపించడం మామూలే. రెప్పవేసినప్పుడల్లా చూపు మసకబారి మళ్ళీ తేటపడుతుంటే లెన్స్ తిరిగిపోతోందన్నమాట. డాక్టరుకి చెప్పండి.

బీసీ అంటే లెన్స్ వంపు. మెత్తని లెన్స్‌లలో ఎక్కువగా 8.3 నుంచి 9.0 మధ్య ఉంటుంది. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. డీఐఏ అంటే వెడల్పు, దాదాపు 14 మిల్లీమీటర్లు. ఈ రెండూ కలిశాయి కదా అని చవకగా దొరికే ఇంకో బ్రాండు తెప్పించుకోవద్దు. మెటీరియల్, అంచు మారితే అదే 8.6 లెన్స్ కూడా కంటిమీద వేరేలా కూర్చుంటుంది. బిగిస్తే కన్ను ఎర్రబడుతుంది, వదులైతే జారుతుంటుంది. ప్రిస్క్రిప్షన్‌లో బ్రాండు రాసేది ఇందుకే. బ్రాండు మార్చాలనుంటే ఫిట్టింగ్ సమయంలోనే అడగండి.

ఇక హక్కుల సంగతి. ఫిట్టింగ్ పూర్తికాగానే, మీరు అడక్కపోయినా కాపీ ఇవ్వాలని ఫెడరల్ నియమం. ట్రయల్ లెన్స్ ఇచ్చి వారం తర్వాత రమ్మంటే మాత్రం ఆ రెండో పరీక్ష అయ్యాకే కాపీ వస్తుంది. తమ దగ్గరే కొనమని బలవంతం చేయకూడదు, కాపీకి విడిగా డబ్బు అడగకూడదు. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఆ కాపీ ఫొటో పెట్టేస్తే పని త్వరగా అవుతుంది. లేకపోతే అమ్మేవాళ్ళు డాక్టరు ఆఫీసుని అడిగి, జవాబు కోసం 8 పనిగంటల దాకా ఆగాలి.

గడువు మామూలుగా కనీసం ఏడాది. తేదీ చదివేటప్పుడు జాగ్రత్త: ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. 03/04 అంటే మార్చి 4, ఏప్రిల్ 3 కాదు. నెల ఆలస్యంగా మేలుకుంటే మళ్ళీ పరీక్ష, మళ్ళీ ఫీజు.

పెట్టెల లెక్క కూడా కన్నుకి విడివిడిగానే. నెలవారీ లెన్స్ పెట్టెలో 6 ఉంటే ఒక కంటికి ఆరు నెలలు వస్తాయి, ఏడాదికి మొత్తం 4 పెట్టెలు. రోజువారీవి పెట్టెకి 90 ఉంటే ఏడాదికి మొత్తం దాదాపు 8 పెట్టెలు. పార్సిల్ రాగానే పెట్టె చింపకుండా పవర్, బీసీ సరిచూసుకోండి. తెరిచిన పెట్టెని చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.