పడుకుని ఒకసారి, నిలబడి మరోసారి: ఇంట్లోనే బీపీ, నాడి పరీక్ష

తిరుపతిలో కాలినడకన కొండకు బయలుదేరే పెద్దవారు చాలామంది ముందురోజు కుర్చీలో కూర్చుని బీపీ చూపించుకుని, 130/80 అని వినగానే ధైర్యపడుతుంటారు. అలిపిరి దారిలోని 3,550 మెట్ల సంగతి అటుంచితే, క్యూలైనులో నిలబడినప్పుడు కళ్లు బైర్లు కమ్మే ఇబ్బందిని ఆ కూర్చున్నప్పటి అంకె పట్టి ఇవ్వదు. మనం లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొత్తికడుపులోకి దిగుతుంది. నరాలు వెంటనే రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కాస్త పెంచి దానిని సరిచేస్తాయి. ఆ సర్దుబాటు కుదరనివారికి బీపీ పడిపోతుంది, లేదా నాడి పరుగెడుతుంది.

పరీక్షకు మోచేతి పైభాగాన పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషను, గడియారం, కాగితం కావాలి. పట్టుకోవడానికి పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. ఉదయం పూట చేయడం మేలు, ఎందుకంటే చాలామందికి ఈ తగ్గుదల అప్పుడే ఎక్కువ. అరగంట ముందు నుంచి కాఫీ, టీ, పొగ మానాలి. రోజూ వేసుకునే మాత్రలను పరీక్ష కోసం ఆపకూడదు, వేసుకున్న వేళను మాత్రం రాసుకోవాలి.

మంచంపై కదలక, మాట్లాడక కనీసం 5 నిమిషాలు వెల్లకిలా పడుకుని బీపీని, నాడిని నమోదు చేయాలి. తరువాత లేచి నిలబడి, 1వ నిమిషంలోను, 3వ నిమిషంలోను మళ్లీ చూడాలి. గుండె దడే ప్రధానమైన బాధ అయితే, మడమలు గోడకు సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, భుజాలను గోడకు ఆన్చి, 10 నిమిషాల వరకు నిమిషానికొకసారి చూడాలి. అటూఇటూ నడిస్తే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టి అసలు లోపాన్ని దాచేస్తాయి. తల తేలిపోతున్నట్లు అనిపిస్తే పట్టుదలకు పోకుండా వెంటనే పడుకోవాలి. ఆ లక్షణం వచ్చిన నిమిషాన్ని రాసుకుంటే అదే ఒక ఫలితం.

అందరూ చేసే పొరపాటు చేతి దగ్గర జరుగుతుంది. నిలబడినప్పుడు పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, కనుక పక్కనున్నవారు ఆ చేతిని కింద నుంచి పట్టుకోవాలి. పట్టీ గుండెకన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె సుమారు 7 లేదా 8 ఎక్కువగా చూపి, పడిపోయిన బీపీని సగం దాచేస్తుంది. ఇంత శ్రమపడి ఇక్కడ అలసత్వం చూపడం, పాలు కాచి ఉప్పు వేసినట్లే.

మూడు నిమిషాల్లో పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకుమించి గాని తగ్గితే దానిని నిలబడినప్పటి లోబీపీగా లెక్కిస్తారు. పడుకున్నప్పుడే బీపీ ఎక్కువగా ఉన్నవారికి పై అంకెలో 30 తగ్గుదలను హద్దుగా తీసుకుంటారు. ఉదాహరణకు 138/82, నాడి 72 ఉన్నవారికి నిలబడ్డాక 112/70, నాడి 80 వచ్చిందనుకుందాం. బీపీ 26 పడినా నాడి 8 మాత్రమే పెరిగింది కనుక, ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారైతే నరాల బలహీనతను అనుమానించాలి. నాడి బాగా పెరుగుతూ బీపీ పడితే ఒంట్లో నీరు గాని రక్తం గాని తగ్గిందేమో చూడాలి. మే నెల ఎండల్లో, ఉపవాస దినాల్లో ఇది సహజంగా కనిపిస్తుంది.

బీపీ పడకుండా 10 నిమిషాల్లోపు నాడి నిమిషానికి 30 గాని, అంతకుమించి గాని పెరిగి, ఆ పెరుగుదల నిలకడగా ఉంటే (12 నుంచి 19 ఏళ్లవారికి 40), పాట్స్ అనే స్థితి కావచ్చు. అయితే లక్షణాలు కనీసం 3 నెలలుగా ఉండాలి. రక్తహీనత, థైరాయిడ్, జ్వరం కారణం కాదని తేలాలి. ఆ నిర్ధారణ వైద్యుడి పని.

స్పృహ తప్పినా, ఛాతీనొప్పి, ఆయాసం, నల్లటి మలం కనిపించినా ఈ పరీక్షతో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయాలి. మిగిలినవారు మూడు రోజుల అంకెలతో పాటు బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు అన్నింటి పేర్లూ అదే కాగితంపై రాసి వైద్యుడికి చూపించాలి. సొంతంగా ఏ మాత్రనూ తగ్గించకూడదు. వైద్యుడిని కలిసేదాకా, రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లు ఆడించి, ఆ తరువాతే నిలబడాలి.